రైలెక్కి రాయచూరు కోట చూసొద్దాం

రైలు మనకు కొత్త కాదు. మన పాలమూరు మట్టిపనివాళ్లు ఎక్కని రైలు లేదు. బొంబాయి పోయినం. పూణె పోయినం. చంకల బిడ్డ, నెత్తిన మూట. మేస్త్రి ఎక్కమంటే ఎక్కినం. దిగమంటే దిగినం. నడుమ ఏ ఊర్లు దాటినమో తెలియదు. ప్రతి స్టేషన్లో పసుపుపచ్చ బోర్డు ఉంటుంది. దాని మీద ఊరి పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. అది మన కండ్ల ముందరే ఉండె. కాని మనకు చదవ రాకపాయె.

ఇప్పుడు మనకు చదువు వచ్చింది. కూడబలుక్కునైనా చదువుతున్నాం. పని కోసం కాకుండా, చూడడానికి ఒక్కసారి రైలెక్కితే ఎట్లుంటది?

మన మక్తల్‌కు దగ్గరలోనే ఒక పెద్ద కోట ఉంది. రాయచూరు కోట. పత్తి అమ్మడానికి, దవాఖానకు రాయచూరు పోయినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. కోట పక్కనుంచే పోయి ఉంటారు. ఆగి చూసినవాళ్లు తక్కువ. పొద్దున పోతే చీకటి పడేవరకు ఇంటికి రావచ్చు. పదండి, పోయొద్దాం.

మన వెంట ఒక అత్త, ఒక కోడలు ఉన్నారనుకుందాం. అత్తకు యాభై ఏండ్లు దాటినంక చదువు వచ్చింది. కోడలు ఐదో తరగతిలో బడి మానేసి, మళ్లీ ఇప్పుడు పలక పట్టింది.

మన ఊరికి రైలు ఎప్పుడు వచ్చింది?

రాయచూరుకు రైలు వచ్చి 150 ఏండ్లు దాటింది. బొంబాయి నుంచి ఒక లైను, మద్రాసు నుంచి ఒక లైను వేసుకుంటూ వచ్చారు. ఆ రెండూ 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ లైను మీదనే మన కృష్ణ స్టేషన్ ఉంది.

కాని మక్తల్‌కు రైలు లేదు. మహబూబ్‌నగర్ నుంచి మునీరాబాద్ వరకు కొత్త లైను 1997-98లో మంజూరు అయింది. పని మెల్లగా సాగింది. జక్లేర్ నుంచి కృష్ణ వరకు 37 కిలోమీటర్ల లైనును 2023 అక్టోబర్ 1న ప్రారంభించారు. కాచిగూడ నుంచి మన మీదుగా రాయచూరుకు రైలు కూడా ఆ రోజే మొదలైంది. మంజూరు నుంచి లెక్కేస్తే పాతికేండ్లు దాటింది. అప్పుడు పుట్టిన బిడ్డకు పెండ్లయి, పిల్లలు కూడా పుట్టి ఉంటారు.

పోయే ముందు

ఈ దారిలో రైళ్లు ఎక్కువ లేవు. వేళలు కూడా మారుతుంటాయి. అందుకని ఒకరోజు ముందే స్టేషన్‌లో అడగండి. బోర్డు మీద రాసింది మీరే చదవండి. పోయే రైలు, వచ్చే రైలు, రెండింటి వేళలూ కాగితం మీద రాసుకోండి.

రైలువాళ్ల గడియారంలో 24 గంటలు ఉంటాయి. పగలు 12 దాటినంక వాళ్లు 1 అనరు, 13 అంటారు. 15:30 అని రాసి ఉంటే భయపడకండి. 15లో నుంచి 12 తీసేయండి. 3 మిగులుతుంది. అంటే పగలు మూడున్నర. మరి 18:10 అంటే ఎంత? మీరే చెప్పండి.

టికెట్ తీసుకున్నంక సంచిలో పడేయకండి. ముందు చదవండి. ఎక్కడి నుంచి, ఎక్కడికి అని ఉంటుంది. తేదీ ఉంటుంది. పెద్దలు ఎంతమంది, పిల్లలు ఎంతమంది అని ఉంటుంది. రూపాయలు ఎన్నో ఉంటుంది. కొన్ని మాటలు ఇంగ్లీషులో ఉంటే ఉండనీ, అంకెలు మనకు వస్తాయి గదా. అంకెలు చూసి చిల్లర లెక్కపెట్టుకోండి. ఐదేండ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. ఐదు నిండి పన్నెండు నిండని పిల్లలకు జనరల్ పెట్టెలో సగం టికెట్.

రైలులో ఏదైనా ఆపద వస్తే 139కి ఫోన్ చేయాలి. బయట అయితే 112. ఈ రెండు నంబర్లూ చేతి మీద రాసుకున్నా తప్పు లేదు.

వచ్చేటప్పుడు రైలు కుదరకపోతే దిగులు వద్దు. హైదరాబాదు నుంచి రాయచూరు పోయే రోడ్డు మక్తల్ మీదనే పోతుంది. బస్సులు ఉంటాయి. తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు. అయితే అది మన రాష్ట్రం హద్దు వరకే. అవతలి దారికి పైసలు కట్టాలి. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి.

సద్ది కట్టుకోండి. నీళ్లు పట్టుకోండి. కొంగుకు టవలు కూడా ఉండనీ. రాయచూరు ఎండ మన ఎండకు అక్కలాంటిది.

దారిలో చదువుకుంటూ పోదాం

రైలు మక్తల్ దాటింది. మాగనూరు వచ్చింది. తర్వాత కృష్ణ.

కోడలు కిటికీ పక్కన కూర్చుంది. అత్త మెడ చాచి బోర్డు చూసింది.

“ఏమే పిల్లా, అది కకు వట్రుసుడి. కృ. షకు కింద ణ వత్తు. కృష్ణ!”

“అవునత్తా. కృష్ణ టేషనే.”

“ఈ టేషన్ల ఎన్నిసార్లు బొంబాయి బండి ఎక్కిన్నో లెక్క లేదు. మీ మామ చెయ్యి పట్టుకొని ఎక్కిస్తుండె. పేరు మాత్రం ఇయ్యాల్నే చదివిన.”

కృష్ణ స్టేషన్ దాటంగనే కృష్ణా నది. రైలు వంతెన మీద పోతుంది. చప్పుడు మారుతుంది. పిల్లలను కిటికీ, తలుపు దగ్గర నిలబడనీయకండి. నది ఇవతల తెలంగాణ. అవతల కర్ణాటక. అవతలి ఒడ్డున ఎత్తయిన పొగ గొట్టాలు కనబడతాయి. అది శక్తినగర్. అక్కడ బొగ్గు కాల్చి కరెంటు తయారు చేస్తారు. బొగ్గు మంటకు నీళ్లు కాగి ఆవిరి అవుతాయి. ఆ ఆవిరి బలంతో పెద్ద చక్రం తిరుగుతుంది. దాంతో కరెంటు పుడుతుంది. ఆవిరిని మళ్లీ చల్లబరచడానికి నీళ్లు చాలా కావాలి. అందుకే నది ఒడ్డున కట్టారు. 1985 నుంచి అక్కడ కరెంటు పుడుతున్నది.

నది దాటినంక బోర్డులు చూడండి. ఊర్ల పేర్లు కన్నడంలో ఉంటాయి. మొదట కొత్తగా అనిపిస్తుంది. నిదానంగా చూస్తే ఎక్కడో చూసిన అక్షరాలే అనిపిస్తుంది. మన అక్షరాలు, కన్నడ అక్షరాలు అక్కచెల్లెండ్లు. వెయ్యేండ్ల కింద రెండూ ఇంచుమించు ఒకటే. తర్వాత రాను రాను వేరుపడ్డాయి. ముఖ్యంగా తలకట్టు చూడండి. మన తలకట్టు టిక్కు పెట్టినట్టు ఉంటుంది. వాళ్లది అడ్డగీత లాగా ఉంటుంది. రాయచూరు అనే పేరులో నాలుగు అక్షరాలు ఉన్నాయి. రా, య, చూ, రు. బోర్డు చూసి వాటిని పోల్చుకోండి. అప్పుడు మీకు రెండో భాష బోర్డు కూడా చదవ వచ్చినట్టే.

రాయచూరులో భాషకు తిప్పలు లేదు. కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ నడుస్తాయి. 1956 నవంబర్ 1 వరకు మన జిల్లా, రాయచూరు జిల్లా రెండూ హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేవి. ఆ రోజు భాషను బట్టి రాష్ట్రాలు పంచారు. రాయచూరు అటు పోయింది. మనం ఇటు ఉన్నాం. కాని పిల్లను ఇచ్చుడు, తెచ్చుడు ఆగలేదు. ఎవరినైనా కన్నడంలో అడగాలనిపిస్తే “కోటె ఎల్లిదె?” అనండి. కోట ఎక్కడుంది అని అర్థం.

కోట దగ్గరికి

స్టేషన్ నుంచి కోట వైపు ఆటోలు పోతాయి. ఎక్కే ముందే ధర మాట్లాడుకోండి. ఊర్లో ఒక పాత మసీదు ఉంది. దానికి ఒకటే మీనారు. అందుకే ఏక్ మీనార్ మసీదు అంటారు. దాన్ని 1513లో, బహమనీ సుల్తానుల కాలంలో కట్టారు. మీనారు ఎత్తు సుమారు 65 అడుగులు. తాటిచెట్టు అంత ఎత్తు ఉంటుంది.

కోటకు రెండు గోడలు. వెలుపలి గోడ ఒకటి, లోపలి గోడ ఒకటి. లోపలి గోడ పాతది. వెలుపలి గోడ తర్వాత బీజాపూరు సుల్తానుల కాలంలో కట్టింది. గోడలకు పెద్ద పెద్ద దర్వాజలు ఉన్నాయి. నౌరంగి దర్వాజ, మక్కా దర్వాజ, కాటి దర్వాజ అని వాటి పేర్లు. నడుమ గుట్ట ఉంది. దాని ఎత్తు 300 అడుగులకు కొంచెం తక్కువ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గుట్ట ఎక్కకున్నా ఏమీ కాదు. మనం చూడవలసిన అసలు సంగతి కిందనే ఉంది.

లోపలి గోడ దగ్గరికి పోండి. రాళ్ల నడుమ చెయ్యి పెట్టి చూడండి. సున్నం లేదు. సిమెంటు అసలే లేదు. ఆ కాలంలో సిమెంటు ఎక్కడిది? రాయి మీద రాయి పెట్టారు. అంచుకు అంచు కుదిరేటట్టు చెక్కారు. రాయి బరువే రాయిని పట్టి ఉంచుతుంది. ఏడు వందల ఏండ్ల వానలు, ఎండలు చూసింది ఆ గోడ.

“నిరుడు కట్టిన మన వంటింటి గోడ అప్పుడే పగుళ్లిచ్చె” అంది కోడలు.

“ఇది కట్టినోళ్లు రాయి సంగతి తెలిసినోళ్లు” అంది అత్త.

పెద్ద రాయి

లోపలి గోడలో పడమటి దిక్కు ఒక రాయి ఉంది. ఒకటే రాయి. దాని పొడవు సుమారు 40 అడుగులు. వెడల్పు సుమారు 3 అడుగులు. మన ఇంట్లో దూలం ఎంత పొడవు ఉంటుంది? పది అడుగులో, పన్నెండు అడుగులో. అట్లాంటి దూలాలు మూడు, నాలుగు వరుసగా పెడితే ఈ రాయి అంత.

ఆ రాయి ఎంత బరువు ఉంటుంది? మనమే లెక్క వేద్దాం. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు మందం ఉన్న గుట్టరాయి సుమారు 75 కిలోలు తూగుతుంది. అంటే ఒక నిండు వడ్ల బస్తా అంత. ఈ పెద్ద రాయి మందం ఒక్క అడుగే అనుకుందాం. 40ని 3తో గుణిస్తే 120. అంటే 120 బస్తాలు. 120ని 75తో గుణిస్తే 9,000 కిలోలు. తొంభై క్వింటాళ్లు! మందం ఇంకా ఎక్కువ ఉంటే బరువు కూడా ఎక్కువే.

ఇంత రాయిని ఎట్లా తెచ్చారు? అది కూడా అక్కడే గీసి పెట్టారు. గోడ రాయి మీద గీతలతో చెక్కిన బొమ్మ ఉంది. పెద్ద రాయిని చక్రాల బండి మీద పెట్టారు. పశువుల జతలు వరుసగా బండిని లాగుతున్నాయి. మనుషులు వాటిని అదిలిస్తున్నారు. చదువు రానివాళ్లకు కూడా ఆ బొమ్మ అర్థం అవుతుంది.

పెద్ద రాయి మీద మాత్రం అక్షరాలు ఉన్నాయి. దాన్నే శాసనం అంటారు. రాజులు, పెద్దవాళ్లు తాము చేసిన పని అందరికీ తెలియాలని రాతి మీద, రాగిరేకు మీద రాయించేవారు. కాగితం చిరుగుతుంది. చెదలు తింటుంది. రాయి ఉంటుంది.

ఆ శాసనం ఏం చెబుతుంది? గోన గన్నయరెడ్డి కింద పనిచేసే విఠలుడు అనే అధికారి ఈ కోట కట్టించాడని చెబుతుంది. శక సంవత్సరం 1216 అని చెబుతుంది. శక సంవత్సరానికి 78 కలిపితే మనం ఇప్పుడు వాడే సంవత్సరం వస్తుంది. 1216కు 78 కలపండి. 1294.

గోన గన్నయరెడ్డి ఎవరు? గోన గన్నారెడ్డి అంటే మీరు గుర్తుపడతారు. 2015లో వచ్చిన రుద్రమదేవి సినిమాలో ఆయన పాత్ర ఉంది. సినిమాలో బందిపోటుగా చూపించారు. గోనవారు నిజంగా మన పాలమూరు వాళ్లే. వర్ధమానపురం వాళ్ల రాజధాని. ఇప్పుడు దాన్ని నంది వడ్డెమాన్ అంటున్నాం. నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి మండలంలో ఉంది. వాళ్లు ఓరుగల్లు కాకతీయుల కింద ఏలిన సామంతులు. అంటే రాయచూరు కోట వెనుక మన జిల్లా వాళ్ల చెయ్యి ఉంది.

కోట రుద్రమదేవి కట్టించిందా?

కోట దగ్గర ఎవరిని అడిగినా రుద్రమదేవి కాలం కోట అంటారు. కొన్ని పుస్తకాల్లో కూడా అట్లనే ఉంది. వినడానికి మనకు సంతోషమే. ఒక ఆడమనిషి రాజ్యం ఏలింది. కోట కట్టించింది. ఎంత బాగుంది!

కాని సంతోషంగా ఉందని నమ్మవద్దు. రాసింది చూడాలి.

నల్గొండ జిల్లా నకిరేకల్ మండలంలో చందుపట్ల అనే ఊరు ఉంది. అక్కడ కూడా ఒక శాసనం దొరికింది. రాజు వేయించింది కాదు. పువ్వుల ముమ్మడి అనే ఒక సేవకుడు వేయించింది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్లకు పుణ్యం కలగాలని దేవునికి భూమి ఇస్తున్నానని అందులో రాయించాడు. దాని తేదీ 1289 నవంబర్ 27.

ఇప్పుడు రెండు రాళ్లను పక్కపక్కన పెట్టి చూడండి. చందుపట్ల రాయి 1289. రాయచూరు రాయి 1294. రాయచూరు రాయి నిలబెట్టేనాటికి రుద్రమదేవి చనిపోయి ఐదేండ్లు అయింది. అప్పుడు ఏలుతున్నది ఆమె మనుమడు, బిడ్డ కొడుకు ప్రతాపరుద్రుడు.

రుద్రమదేవి గొప్పతనం దీనితో తగ్గదు. ఆమె 1262 నుంచి 1289 వరకు రాజ్యం ఏలింది. ఆడది ఏలడమేమిటి అని ఎదురుతిరిగినవాళ్లను అణచింది. ముసలితనంలో కూడా యుద్ధానికి కదిలింది. చేసిన పని అంత ఉంటే, చేయని పని ఆమె పేరున రాయవలసిన అవసరం లేదు.

ఒక చిన్న సేవకుడు తన ఊర్లో రాయించిన నాలుగు మాటలు, ఏడు వందల ఏండ్ల తర్వాత పెద్ద పెద్ద పుస్తకాలను సరిదిద్దాయి. అందుకే రాత గట్టిది. నోటిమాట ఒకరి నుంచి ఒకరికి పోయేటప్పుడు మారుతుంది. ఇది మనకు తెలియనిదా? అప్పు తీర్చినమని మనమంటాం. తీర్చలేదని వాళ్లంటారు. సంఘం పుస్తకంలో రాసి, సంతకం ఉంటే ఎవరూ మాట మార్చలేరు.

ఆ అక్షరాలు మనకు వస్తాయా?

అత్త పెద్ద రాయి ముందర నిలబడింది. చాలాసేపు చూసింది. మొగం చిన్నబోయింది.

“పిల్లా, ఇది తెలుగే అంటివి గదా. నాకు ఒక్క అక్షరం వస్తలేదు. నేను మళ్లీ మొదటికొస్తినా ఏంది?”

కోడలు కూడా చూసింది. “నాకూ వస్తలేదత్తా.”

అక్కడ ఫోటోలు తీసుకుంటున్న కాలేజీ పిల్లలు ఉన్నారు. వాళ్లను అడిగితే వాళ్లకూ రాలేదు.

చిన్నబోవలసిన పని లేదు. అవి ఆనాటి తెలుగు అక్షరాలు. మనిషికి చిన్నప్పటి మొగం వేరు, పెద్దప్పటి మొగం వేరు ఉన్నట్టు, అక్షరాలు కూడా కాలం గడిచిన కొద్దీ మారాయి. కొన్ని గుండ్రంగా అయినాయి. కొన్నింటికి తలకట్టు మారింది. అచ్చు పుస్తకాలు వచ్చినంక ఇప్పుడున్న రూపం నిలబడింది. ఎం.ఏ. చదివినవాళ్లకు కూడా పాత అక్షరాలు ఊరికే రావు. మనం అఆలు దిద్దినట్టు వాళ్లు కూడా ఒక్కొక్క అక్షరం దిద్ది నేర్చుకోవాలి. శాసనాలు చదివే పండితులు అట్లా నేర్చుకున్నవాళ్లే. ఆ రాయి ముందర అందరూ ఒకప్పుడు చదువు రానివాళ్లే.

రెండు నదుల నడుమ నేల

ఇక్కడ ఇంత పెద్ద కోట ఎందుకు? రాయచూరుకు ఒక దిక్కు కృష్ణ, ఒక దిక్కు తుంగభద్ర. నడుమ నేల మంచి నేల. రెండు నదుల నడుమ నేలను అంతర్వేది అంటారు. ఆ నేల పంట కోసం, ఆ దారి కోసం రాజులు కొట్లాడుకున్నారు. కాకతీయుల రాజ్యం 1323లో పోయింది. తర్వాత బహమనీ సుల్తానులు, విజయనగర రాజులు, బీజాపూరు సుల్తానులు ఈ కోట కోసం ఒకరితో ఒకరు యుద్ధాలు చేశారు.

అన్నింటిలో పెద్దది 1520 మే 19న జరిగిన యుద్ధం. విజయనగరం రాజు శ్రీకృష్ణదేవరాయలు ఒక దిక్కు. బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షా ఇంకో దిక్కు. కృష్ణదేవరాయలు గెలిచాడు. సుల్తాను కృష్ణ దాటి వెనక్కు పోయాడు. తర్వాత కోటను పట్టుకునేటప్పుడు పోర్చుగీసు తుపాకులవాళ్లు కొంతమంది రాయలకు సాయం చేశారు. గోడ మీద కాపలా ఉన్నవాళ్లను దూరం నుంచి కొట్టారు. కోట లొంగింది.

ఈ సంగతి ఇంత వివరంగా మనకు ఎట్లా తెలిసింది? నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి రాసి పెట్టాడు. ఆయన విజయనగరం సంగతులు ఎన్నో రాశాడు. అందులో మనం తెలుసుకోవలసింది ఒకటి ఉంది. రాజు ఇంటి లోపల ఖర్చు లెక్కలన్నీ ఆడవాళ్లే రాసేవారట. రాజ్యంలో జరిగిన పనులు రాసిపెట్టే ఆడవాళ్లు కూడా ఉండేవారట. బయట మగవాళ్లు రాసిన పుస్తకాలతో తమ పుస్తకాలను సరిచూసేవారట. ఐదు వందల ఏండ్ల కిందటి మాట ఇది.

“మన సంఘం లెక్కలు రాసే పిల్ల లాగనే” అంది అత్త.

ఆడవాళ్లకు చదువెందుకు, లెక్కలెందుకు అనేవాళ్లు ఎదురైతే ఈ సంగతి చెప్పండి.

పేరు లేనివాళ్లు

సద్ది తిని చెట్టు నీడన కూర్చున్నప్పుడు ఒక మాట ఆలోచించండి. పెద్ద రాయి మీద కట్టించినవాళ్ల పేర్లు ఉన్నాయి. రాయిని గుట్ట నుంచి కొట్టినవాళ్ల పేర్లు లేవు. బండి తోలినవాళ్ల పేర్లు లేవు. వాళ్లకు అన్నం వండిపెట్టినవాళ్లు, నీళ్లు మోసినవాళ్లు, తట్టలు ఎత్తినవాళ్లు ఎవరో ఏ రాయీ చెప్పదు. వాళ్లకు మిగిలింది ఆ బొమ్మ ఒక్కటే.

మన పాలమూరు మనుషులు కూడా అట్లనే. ఎన్ని డ్యాములకు మట్టి మోసినం! ఎన్ని కాలువలు తవ్వినం! ఎన్ని నగరాల్లో మిద్దెలు లేపినం! అక్కడి రాళ్ల మీద మంత్రుల పేర్లు ఉన్నాయి. మన పేర్లు లేవు. కూలి పుస్తకంలో కూడా మన పేరుకు ఎదురుగా వేలిముద్ర ఉండేది. ఎన్ని రోజుల కూలి రాశారో మనకు తెలియకపోయేది.

అత్త ఈ మాటలు విని ఊరుకోలేదు.

“బొంబాయిల ఒక మేస్త్రి నలభై రోజులు చేస్తే ముప్ఫై రోజులని రాసిండు. నేను వేలు పెట్టిన. తెలిసి ఉంటే పెడుదునా?”

కోడలు ఏమీ అనలేదు. సంచిలోంచి నోటుపుస్తకం తీసి అత్త చేతిలో పెట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు

పొద్దు వాలక ముందే బయలుదేరండి. రైలు వేళకు అరగంట ముందే స్టేషన్‌లో ఉండండి. ప్లాట్‌ఫారం నంబరు బోర్డు మీద చూసుకోండి. అప్పుడప్పుడు మారుతుంది. మైకులో చెప్పేది కూడా వినండి. అందరూ వచ్చారా అని తలలు లెక్కపెట్టండి.

రైలులో ఆ రోజు సంగతి రాసుకోండి. ఎక్కువ వద్దు. ఐదు వరుసలు చాలు. తేదీ రాయండి. ఎవరెవరు పోయారో పేర్లు రాయండి. టికెట్ ఎంత, ఆటో ఎంత, చాయ్ ఎంత అని రాసి కూడండి. చూసిన వాటిలో మీకు నచ్చింది ఒకటి రాయండి.

అత్త కదులుతున్న రైలులో కష్టపడి రాసింది. అక్షరాలు వంకరగా వచ్చాయి. మొదటి వరుసలో తన పేరు రాసింది. రెండో వరుసలో ఇట్లా రాసింది:

“ఈ రోజు నేను కృష్ణ బోర్డు చదివిన. రాయచూరు బోర్డు చదివిన. కోట రాయి చదవ రాలే. అది కాలేజీ పిల్లలకు కూడా రాలే.”

రైలు మక్తల్‌లో ఆగింది. మ. కకు త వత్తు. పొల్లు ల్. దిగమని ఎవరూ చెప్పలేదు. అత్తే ముందు లేచింది.

చదివారు కదా, ఇవి కూడా చేయండి

1. మక్తల్ నుంచి రాయచూరు వరకు మీరు చదివిన స్టేషన్ల పేర్లు వరుసగా రాయండి.

2. రైలు వేళ 17:45 అని ఉంది. మన లెక్కలో ఎన్ని గంటలు?

3. ఒక శాసనం మీద శక సంవత్సరం 1150 అని ఉంది. మనం వాడే లెక్కలో అది ఏ సంవత్సరం?

4. మీ ఊర్లో గుడి దగ్గరో, చెరువు కట్ట మీదనో, పాత బావి దగ్గరో రాత ఉన్న రాయి ఉందా? ఉంటే దాని మీద సున్నం, రంగు పూయనీయకండి. బట్టలు ఉతకనీయకండి. మీ సంఘంలో దాని గురించి మాట్లాడండి.

5. మీరు వలస పోయిన ఊర్ల పేర్లు రాయండి. అక్కడ మీరు ఏం కట్టారో రాయండి. మీ పేరు, మీ వెంట పనిచేసిన వాళ్ల పేర్లు కింద రాయండి.